క్వింట్ వారి రాతబల్ల

ఆర్డ్‌వే ఊళ్ళో హల్డా క్వింట్‌ని ఎరగనివాళ్ళు లేరు. ఇరవై తొమ్మిదేళ్ళు బడి బస్సు నడిపిన మనిషి. ఇవాళ ఆ ఊళ్ళో కార్లు తోలుతున్న వాళ్ళలో సగం మంది ఒకప్పుడు ఆమె చేత "కూర్చో, లేకపోతే దిగు" అనిపించుకున్నవాళ్ళే. పొడగరి, బక్కపలచన, మాట తక్కువ. కానీ పైఊరి వాళ్ళు ఆర్డ్‌వే వచ్చేది హల్డాని చూడటానికి కాదు, ఆమె ఇంటిపేరును చూడటానికి.

ఆ ఇంటిపేరుకి అంత పేరు తెచ్చినవాడు ఎలిఫలెట్ క్వింట్. అమెరికా ఇంగ్లండు రాజుతో తెగతెంపులు చేసుకున్న రోజుల్లో న్యూహాంప్‌షైర్ తరఫున ఫిలడెల్ఫియా సభకి రెండుసార్లు గుర్రం మీద వెళ్ళొచ్చినవాడు. గుట్టమీద తెల్లచెక్కల ఇల్లు ఆయన కట్టించిందే. ఏటి ఒడ్డున ఆయన పుట్టిన ఇల్లు ఇంకొకటి ఉండేది. పందొమ్మిదివందల ముప్పై ఎనిమిదో సంవత్సరం తుపానుకి అది కూలిపోయి పొగగొట్టం ఒక్కటే మిగిలింది. గుట్టమీది ఇంటిని హల్డా తండ్రి ఎమెరీ క్వింట్, తను పోయే ముందు, ఊరి చరిత్ర సంఘానికి రాసిచ్చేశాడు. పెళ్ళికాని కూతురు బతికున్నన్నాళ్ళూ వంటింటి వైపున్న మూడు గదుల్లో ఉండొచ్చని మాత్రం ఒక షరతు పెట్టాడు.

ఆ షరతు వరమో శిక్షో హల్డాకి ఎప్పుడూ తేలలేదు. అప్పటికి ఆమెకి ముప్పై ఏళ్ళు. లెస్టర్ అనే పాలకేంద్రం మనిషి ఆమె కోసం రెండేళ్ళు తిరిగాడు. "ఏ కుర్చీలో కూర్చోవచ్చో ఏ కుర్చీలో కూర్చోకూడదో అడిగి కాపురం చేయడం నా వల్ల కాదు హల్డా" అని చివరికి వేరే పిల్లని చేసుకున్నాడు. ఆమె అతన్ని తప్పుపట్టలేదు. ఆ ఇంట్లో మేకు కొట్టాలన్నా సంఘానికి ఉత్తరం రాయాలి. గోడలకున్న పాతకాలం కాగితం పెచ్చులూడుతుందని పొయ్యి గట్టిగా వేయనివ్వరు. చలికాలమంతా రెండు స్వెట్టర్లు వేసుకుని, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని ఓట్స్ జావ తాగుతూ గడపాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, పడగ్గది గోడ ఒక ఎత్తు. ఆ గోడ ఒంటి చెక్క గోడ. దానికి అవతల ఎలిఫలెట్ క్వింట్ రాతగది. మే నుంచి అక్టోబరు దాకా, సోమవారం తప్ప, రోజుకి అయిదుసార్లు అక్కడ జనం పోగవుతారు. అయిదుసార్లూ గైడు అవే మాటలు చెబుతుంది.

"ఇదిగో, ఈ బల్లే! ఎలిఫలెట్ క్వింట్ గారు భార్యకీ సభకీ ఉత్తరాలు రాసింది ఈ బల్ల మీదే. ఈ మూలన సిరా మరక చూశారా? ఫిలడెల్ఫియాకి బయలుదేరే రోజు పొద్దున, చేయి వణికి, సిరాబుడ్డి ఒలికిందని ఆ కుటుంబంలో చెప్పుకుంటారు."

గైడు పేరు మార్లీన్. చిన్నప్పుడు హల్డా బస్సెక్కిన పిల్లే. గొంతు బాగుంటుంది. "చేయి వణికి" దగ్గర క్షణం ఆగుతుంది. ఆ ఆగడం గోడ ఇవతల హల్డాకి కంఠతా వచ్చేసింది. ఆమె టీ కలుపుతుంటే చెంచా కూడా అక్కడే ఆగేది.

ఆ కుటుంబంలో అలా ఎవరూ చెప్పుకోలేదు. ఆ మరక హల్డాది. తొమ్మిదో ఏట భాగహారం లెక్క చేస్తూ ఒలికించిన బడి సిరా అది. ఆ బల్ల ఎలిఫలెట్ క్వింట్‌ది కానేకాదు. ఈ సంగతి తనకి తప్ప భూమ్మీద ఇంకెవరికీ తెలియదని హల్డా అనుకునేది.

నలభై రెండేళ్ళు విన్నది. మొదట్లో సిగ్గేసేది. తర్వాత కోపం వచ్చేది. ఆ తర్వాత కోపం కూడా అరిగిపోయి, ఒట్టి అలసట మిగిలింది. బస్సు మానేశాక పగలు కూడా ఇంట్లోనే ఉండాల్సి రావడంతో అది మరీ ఎక్కువైంది.

తొంభై తొమ్మిదో సంవత్సరం అక్టోబరులో ఆమెకి గట్టిగా పడిశం పట్టింది. నాలుగు రోజులుగా జ్వరం. ఒళ్ళంతా హూనమై, మధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకుని ఉండగా ఆ రోజు ఆఖరి గుంపు వచ్చింది. మార్లీన్ మొదలుపెట్టింది. ఉత్తరాలయ్యాయి, చేయి వణకడమైంది, మరకయింది. అంతలో ఒక ముసలాయన గొంతు వినబడింది.

"అమ్మా, ఒక్కసారి ఆ మరక మీద చెయ్యి పెట్టనిస్తారా? నేను కొరియాలో యుద్ధం చేసొచ్చాను. ఎందుకు చేశామో తెలుసుకోవాలని ఇలాంటి ఇళ్ళన్నీ తిరుగుతున్నాను."

"ముట్టుకోనివ్వం అండీ... సరే, వేలు మాత్రం."

తర్వాత ఆ ముసలాయన ముక్కు ఎగబీల్చుకోవడం చెక్క సందుల్లోంచి స్పష్టంగా వినబడింది. ఏడుస్తున్నాడు.

హల్డా లేచి కూర్చుంది. చెప్పులు తొడుక్కుంది. నైటీ మీదే స్వెట్టర్ లాక్కుని, ఏళ్ళ తరబడి తెరవని మధ్య తలుపు గడియ తీసింది. ఆ తలుపు కీచుమంటూ తెరుచుకునేసరికి పదిమందీ ఇటు తిరిగారు.

"అది నా సిరా" అంది.

మార్లీన్ మొహం పాలిపోయింది. "మిస్ క్వింట్! ఒంట్లో బాగోలేదన్నారు కదా. ఈవిడ... ఈవిడ కుటుంబంలో ఆఖరి..."

"నా ఒంటి సంగతి తర్వాత. ఆ మరక నేను చేశాను, అయ్యా. నాలుగో తరగతిలో. నూట నలభై నాలుగుని పదహారు పెట్టి భాగించమన్నారు. రాలేదు. మీరు దాని కోసం ఏడవకండి."

ఎవరో ఫక్కున నవ్వారు. ముసలాయన మాత్రం నవ్వలేదు. వేలు తీసి, చెయ్యి జేబులో పెట్టుకుని, హల్డా వైపు చూశాడు.

"తొమ్మిది" అన్నాడు.

"ఏమిటి?"

"మీ లెక్క. సరిగ్గా తొమ్మిదిసార్లు పోతుంది."

"మా టీచరూ అదే అన్నది" అంది హల్డా. తలుపేసుకుని లోపలికెళ్ళి మంచం మీద వాలింది. ఒళ్ళు జ్వరంతో వణుకుతోంది. చెప్పేశానే అన్న తృప్తి కలగలేదు. ఇంత చిన్న మాట అనడానికి ఇంత కాలం పట్టిందా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే సంఘం కార్యదర్శి లోవెల్ గెరిష్ వచ్చాడు. యాభై దాటిన మెతక మనిషి. టోపీ చేతిలో పట్టుకుని, ఎవరైనా పోతే పరామర్శకి వచ్చినవాడిలా వంటింటి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మార్లీన్ చెప్పింది" అన్నాడు.

"చెబుతుంది. చెప్పడమే కదా దాని పని."

"కోపం లేదు మిస్ క్వింట్. మరక సంగతి నిజమేనా అని అడగడానికి వచ్చానంతే."

"మరకే కాదు. బల్లే ఆయనది కాదు."

గెరిష్ టోపీని ఒకసారి గుండ్రంగా తిప్పాడు. "అది మాకు తెలుసు" అన్నాడు.

హల్డా చేతిలోని టీ కప్పు కిందపెట్టింది. "ఏం తెలుసు?"

"పన్నెండేళ్ళ కిందట పాత సామాను పరీక్ష చేసే ఆయన ఒకరు వచ్చారు, గుర్తుందా? బల్ల తలకిందులు చేసి చూశారు. అడుగు చెక్క మీద గుండ్రటి రంపం గీతలున్నాయట. ఎలిఫలెట్ గారి కాలానికి అలాంటి రంపాలు ఇటువైపు లేవు. ఆయన పోయిన ముప్పై ఏళ్ళకి చేసిన బల్ల అన్నారు."

"పన్నెండేళ్ళా! మరి రోజుకి అయిదుసార్లు ఆ పాట ఎందుకు పాడిస్తున్నారు?"

"మీ కోసం."

"నా కోసమా?"

"గోడకి ఇవతల మీరుంటారు. మీ నాన్నగారి పేరు చెడుతుంది. మీరు పోయేదాకా... అంటే, నా ఉద్దేశం..."

"తెలిసింది. నేను చచ్చేదాకా ఆగుదామనుకున్నారు. మంచి ఆలోచనే." హల్డాకి నవ్వొచ్చింది, దాని వెనకే దగ్గు వచ్చింది. తను తండ్రి పరువు కోసం నోరు మూసుకుంది. వీళ్ళు ఆమె మనసు కోసం నోరు మూసుకున్నారు. మధ్యలో వచ్చినవాళ్ళందరూ మరక చూసి వెళ్ళారు.

దగ్గు తగ్గాక, "మా నాన్న పేరు ఎందుకు చెడుతుంది?" అని అడిగింది.

గెరిష్ ఇబ్బందిగా కదిలాడు. "ఆ రోజుల్లో చాలా కుటుంబాలు అదే పని చేశాయి, తప్పేం లేదు. సొరుగులకున్న ఇత్తడి పిడులు మాత్రం అసలువేనని పరీక్షలో తేలింది. అందుకని, మీ నాన్నగారు పిడులు ఉంచుకుని బల్లని బాస్టన్‌లో ఎవరికో అమ్ముకుని ఉంటారని..."

"అమ్ముకున్నాడా!"

ఆ కేక విని గెరిష్ ఉలిక్కిపడ్డాడు. హల్డా క్వింట్ గొంతు పెంచడం బస్సు దిగాక అతను మళ్ళీ వినలేదు.

"మా నాన్న ఏదీ అమ్ముకోలేదు" అంది. "తగలబెట్టాడు."

ఇక ఆపలేకపోయింది. చెప్పుకుపోయింది.

ముప్పై నాలుగు ఫిబ్రవరి. హల్డాకి ఏడేళ్ళు. తల్లి నెటీకి నెలలు నిండటానికి ఇంకా మూడు వారాలుంది. మంచుగాలి మొదలైన మొదటి రోజే టెలిఫోను తీగలు తెగిపోయాయి. రెండో రోజు మంచు బరువుకి కట్టెల కొట్టం కప్పు కూలి, చలికాలమంతటికీ దాచిన కట్టెలు దూలాల కింద పూడుకుపోయాయి. ఎమెరీ గడ్డపార పెట్టి తవ్వితే చేతికొచ్చినవి నాలుగు మొద్దులు, అవీ గడ్డకట్టి పొగచూరాయే తప్ప మండలేదు. ఆ సాయంత్రమే నెటీకి నొప్పులు మొదలయ్యాయి. డాక్టరు ఎనిమిది మైళ్ళ దూరంలో ఉన్నాడు. దారి అనేది లేదు. తెల్లారేసరికి బిడ్డ పుట్టాడు. రొట్టె ముద్దంత ఉన్నాడు. ఏడవడానికి కూడా ఓపిక లేక కీచుమంటున్నాడు. తల్లికి దగ్గు, ఒళ్ళు కాలిపోతోంది.

వంటింటి కుర్చీలు పొయ్యిలోకి పోయాయి. అలమర అరలు పోయాయి. గడ్డి కొట్టం తలుపు పోయింది. మూడో రోజు మధ్యాహ్నానికి నెటీ పడుకున్న మంచం తప్ప ఆ గదిలో కర్ర అన్నది లేదు. కిటికీలకి మంచు కప్పేసి ఇల్లంతా నీలంగా ఉంది. బిడ్డ కీచుమనడం కూడా మానేశాడు.

"అప్పుడు మా నాన్న ముందున్న రాతగదిలోకి వెళ్ళాడు. నన్ను రమ్మన్నాడు. సొరుగులు ఒక్కొక్కటీ లాగి, అందులో కాగితాలన్నీ తీసి, తాడుతో కట్టి నా చేతికిచ్చాడు. 'తడవనీయకు' అన్నాడు. తర్వాత జేబుకత్తి కొనతో పిడులు విప్పాడు. ఎనిమిది. చేతులు కొంకర్లు పోయి ఒక్కో మర విప్పడానికి ఎంత సేపు పట్టిందో. అన్నీ జేబులో వేసుకున్నాడు. గొడ్డలి ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. మొదటి దెబ్బకి విరగలేదు. గట్టి బల్ల."

గెరిష్ టోపీని పక్కన పెట్టేశాడు.

"అడ్డపట్టీలు, కాళ్ళు, చివరికి పైచెక్క. మర్నాడు మధ్యాహ్నం పొరుగు లార్కిన్ వాళ్ళు మంచు జోళ్ళేసుకుని వచ్చేదాకా అదే మండింది. ఆ వసంతంలో ఏ పల్లెలోంచో అలాంటిదే ఇంకో బల్ల బండి మీద తెచ్చి, పిడులు దానికి బిగించాడు. 'హల్డా, ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి' అన్నాడు. అంతే. ఏడు తరాలు దాచింది ఆయన చేతుల్లో పోయిందని ఆయనకి సిగ్గు. నేను మాట నిలబెట్టుకున్నాను. మీరేమో ఆయన్ని అమ్ముకున్నవాడిని చేశారు."

గెరిష్ లేచి నిలబడ్డాడు. టోపీ పెట్టుకోవడం మరిచిపోయాడు. "మిస్ క్వింట్, ఇది... ఇది చెప్పాల్సిన కథ. మీరు ఒప్పుకుంటే."

"మా తమ్ముడికి చెప్పాక" అంది. "ముందు వాడు వినాలి."

జ్వరం తగ్గిన శనివారం నాడు హల్డా కారు తీసుకుని ఏటి ఒడ్డుకి వెళ్ళింది. తమ్ముడు ఏసా ఉండేది అక్కడే, కూలిన ఇంటి పెరట్లో, లారీ వెనక లాక్కొచ్చి నిలిపే చక్రాల ఇంట్లో. అరవై అయిదేళ్ళు. ఇళ్ళని వెచ్చబెట్టే నూనె తెచ్చిపోసే లారీ నడిపి మానేశాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. మిగిలిన పొగగొట్టం చుట్టూ కోళ్ళు పెంచుతున్నాడు. గుట్టమీది ఇంటికి క్రిస్మస్‌కి తప్ప రాడు. వచ్చినా కోటు విప్పడు.

చిక్కుళ్ళ కుండ పొద్దుటి నుంచి పొయ్యి మీద ఉడుకుతోంది. వాడొక పళ్ళెం ఆమె ముందు పెట్టి, నల్లరొట్టె కోశాడు.

"చిక్కిపోయావు హల్డీ. ఆ మ్యూజియంలో నీకు ఎలకలు కూడా తోడు ఉండవేమో, చలికి."

"నీతో ఒక మాట చెప్పాలి. తింటూ విను."

చెప్పింది. ఈసారి తొందర లేకుండా, మొదటి నుంచీ చెప్పింది. ఏసా చెంచా ఎప్పుడు ఆగిందో ఆమె చూడలేదు. చెప్పడం అయ్యాక వాడు చాలాసేపు కిటికీలోంచి కోళ్ళ వైపు చూశాడు.

"మంచి బల్లేనా?" అన్నాడు చివరికి.

"చెర్రీ కర్ర."

"బాగా మండిందా?"

"బాగా మండింది."

తలాడించాడు. కుండలోంచి ఇంకో గరిటె వడ్డించుకున్నాడు కానీ తినలేదు.

"నాకేమనిపించేదో తెలుసా?" అన్నాడు. "నేను ఆ బల్ల ఉన్న గదిలోకి వెళ్తే నాన్న ఏదో పనిమీద బయటికి వెళ్ళిపోయేవాడు. నేనంటే పడదనుకున్నాను. పద్దెనిమిది నిండగానే అందుకే కదా వచ్చేశాను. కట్టెలు కొట్టేటప్పుడు మాత్రం పక్కన నిలబెట్టుకునేవాడు. కప్పు ఎత్తున పేర్చేవాడు, ఊరంతా నవ్వేది. ఎమెరీకి కట్టెల పిచ్చి అని. నేనూ నవ్వాను హల్డీ."

"నవ్వుతావు. నీకేం తెలుసు."

"నువ్వు చెప్పి ఉండొచ్చు."

"మాటిచ్చాను."

"ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది కదే!"

"మాటకి గడువు పెట్టలేదు మరి" అంది హల్డా. అనేశాక తన మాట తనకే మొండిగా వినిపించింది. ఏసా విసురుగా లేచి బయటికి పోయాడు. కోళ్ళకి గింజలు చల్లుతూ అరగంట లోపలికి రాలేదు. ఆమె గిన్నెలు కడిగి, తుడిచి, కుర్చీలో కునికిపాట్లు పడుతుంటే వచ్చి, తన కోటు తీసి ఆమె మీద కప్పాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి ఏడాది మే నెలలో ఇల్లు తెరిచేసరికి బల్ల ముందు కొత్త చీటీ పెట్టారు. బల్ల ఎలిఫలెట్‌ది కాదనీ, అసలుది ఫలానా చలికాలంలో ఒక తల్లీబిడ్డల్ని బతికించడానికి కాలిపోయిందనీ రాశారు. పత్రికల వాళ్ళు వచ్చారు. జనం రెట్టింపయ్యారు. మరక చూడటం మానేసి, పొయ్యి ఎక్కడ అని అడగడం మొదలుపెట్టారు.

హల్డా ఊహించనిది ఒకటుంది. గోడ మాత్రం అదే గోడ.

"...బిడ్డ ఏడవడం మానేశాడు. ఆ తండ్రి కళ్ళ నీళ్ళతో గొడ్డలి ఎత్తాడు..." మార్లీన్ ఇప్పుడు "గొడ్డలి" దగ్గర ఆగుతోంది. రోజుకి అయిదుసార్లు తల్లి దగ్గుతుంది. అయిదుసార్లు తమ్ముడు కీచుమనడం ఆపుతాడు.

హల్డా మార్లీన్‌ని పెరట్లో పట్టుకుంది. "మా నాన్న ఏడవలేదు."

"ఒక్క చుక్క కూడానా?"

"తీరిక లేదు."

మార్లీన్ కళ్ళ నీళ్ళు తీసేసింది. వారం తిరిగేసరికి వాటి బదులు "ఆకాశం వైపు చూసి" అన్నది వచ్చి చేరింది. ఇంటి లోపల ఆకాశం ఎక్కడిదని హల్డా అడగలేదు. పిల్లది చెడ్డది కాదు, జనాన్ని మెప్పించాలి. అబద్ధాన్ని భరించినంత తేలిక కాదు నిజాన్ని వినడం అని ఆమెకి ఆ వేసవిలో తెలిసొచ్చింది. అబద్ధం వింటే విసుగు ఒక్కటే వచ్చేది. దీన్ని వింటే ఏడేళ్ళ పిల్లయి, కాగితాల కట్ట పట్టుకుని ఆ గదిలో నిలబడాల్సి వచ్చేది.

సెప్టెంబరు వచ్చింది. కొట్టంలో పేర్చడానికి ఈ ఏడు కట్టెలెవరు కొడతారని గెరిష్ అడగడానికొస్తే, "నేను వెళ్ళిపోతున్నాను లోవెల్" అంది. చిన్నప్పుడు బస్సులో పిలిచినట్టు పేరు పెట్టి పిలవడం ఇన్నేళ్ళకి మళ్ళీ అప్పుడే.

"మేం ఏదైనా తప్పు..."

"లేదు. బాగానే చెబుతున్నారు. నేనే అలిసిపోయాను. మూడు గదులూ మీరే తీసుకోండి. చీటీలు అతికించుకోండి."

ఏసా అప్పటికే తన చక్రాల ఇంటి పక్కన ఇంకోటి తెచ్చి పెట్టించాడు. ఆమెని రమ్మని ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. కరెంటు తీగ లాగించి, మెట్లు కొట్టి, "కోళ్ళు పొద్దున్నే కూస్తాయి, సరేనా?" అన్నాడంతే. ఆమె రెండు పెట్టెలతో దిగింది. మొదటి వారం నిద్రే నిద్ర. పొద్దున తొమ్మిదికి లేచేది, మధ్యాహ్నం మళ్ళీ పడుకునేది. డెబ్భై మూడేళ్ళ మనిషికి ఇంత నిద్ర ఎక్కడ దాగుందో అని ఏసా రెండుసార్లు తలుపు తోసి, ఊపిరి ఆడుతోందో లేదో చూసి వెళ్ళాడు.

ఆమె అక్కడ ఆరేళ్ళు బతికింది. అక్కాతమ్ముళ్ళు పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. శనివారం చిక్కుళ్ళు, ఆదివారం ఎండుచేప, చీకటి పడేదాకా పేకాట. ఏసా దొంగాట ఆడేవాడు, ఆమె పట్టుకునేది. క్వింట్ వారసుల సమావేశానికి రమ్మని సంఘం ఏటా పిలుపు పంపేది. "కాళ్ళు నొప్పులని రాయి" అనేది హల్డా. ఏసా ఆ మాటే రాసేవాడు, ఇద్దరి తరఫునా. రాసిన ఉత్తరం కవరులో పెట్టి, రోడ్డు దాకా నడిచి, డబ్బాలో వేసి, తిరిగొచ్చేసరికి ఆమె కుర్చీలోనే నిద్రపోయి ఉండేది.